బస్టాండు డ్రైనేజీ పంపింగు, క్లీనింగు కాంట్రాక్టుకి డబ్బు ఏ పద్దులోంచి రావాలి?

గట్టుమీదోడు
సూటిగా అడిగేస్తాను. మాది ఒక జిల్లా కేంద్రం, ఊరి పేరు వద్దులెండి, లేనిపోని గొడవ. బస్టాండు వెనకాల మ్యాన్‌హోల్ వానలు మొదలైనప్పటి నుంచి పొంగుతూనే ఉంది. హైదరాబాద్ బస్సులు ఆగే వైపు ఆ నీళ్లు తొక్కుకుంటూనే ఎక్కాలి. స్టేషన్ మేనేజర్ గారిని అడిగితే టాయిలెట్ల కాంట్రాక్టరు చూసుకోవాలన్నారు. ఆయనేమో గదులు కడగడం వరకే నా పని, బయట పైపు నాది కాదంటాడు. మున్సిపాలిటీకి వెళ్తే కాంపౌండ్ గోడ లోపలిది మాకు సంబంధం లేదన్నారు. తిలాపాపం తలా పిడికెడు.
వచ్చే నెల ప్రయాణికుల సంఘం తరఫున డిపో వాళ్లతో కూర్చుంటున్నాం. వాళ్లు ఫోన్లోనే చెప్పేశారు, "చేయించడానికి మాకేం అభ్యంతరం లేదు, డబ్బు ఎక్కడుందో మీరే చూపించండి" అని. సరే, చూపిద్దాం అనుకుని ఇక్కడ పెడుతున్నా. ఏడాది పొడవునా పంపింగు, జెట్టింగు (గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి పైపు కడగడం) కాంట్రాక్టుకి ఇవ్వాలంటే ఆ డబ్బు టాయిలెట్ రుసుములోంచి తియ్యాలా, షాపుల అద్దెలోంచా, టికెట్ మీద సెస్సు వెయ్యమనాలా, మున్సిపాలిటీని అడగాలా?

రైట్‌రైట్
ఆర్టీసీలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. మీరనుకుంటున్నట్టు డబ్బు లేక కాదండీ, అది ఉన్న పద్దు వేరు. మా దగ్గర టాయిలెట్లు ఆదాయం పద్దు. కాంట్రాక్టరు నెలనెలా మాకు లైసెన్సు ఫీజు కడతాడు, జనం దగ్గర తను వసూలు చేసుకుంటాడు. మ్యాన్‌హోళ్లూ పైపులూ సివిల్ మెయింటెనెన్స్ పద్దు. ఆదాయం ఒక టేబుల్ దగ్గర, ఖర్చు ఇంకో టేబుల్ దగ్గర. మొదటి ఆయన ఫీజు ఎంత పెరిగిందని చూస్తాడు, రెండో ఆయన ఖర్చు ఎంత తగ్గిందని చూస్తాడు, ఇద్దరికీ మంచి పేరే వస్తుంది, మధ్యలో పైపు పూడిపోతుంది.
పొంగినప్పుడు ఏం చేస్తారంటే అర్జెంటు అని రాసి, టెండరు లేకుండా నామినేషన్ మీద చిన్న వర్క్ ఆర్డరు ఇస్తారు. ట్యాంకరు వస్తుంది, పైన నీళ్లు లాగుతుంది, పోతుంది. నెల తిరక్కుండా మళ్లీ అదే. సమాచార హక్కు కింద గత మూడేళ్లలో మీ బస్టాండుకి ఇలాంటి వర్క్ ఆర్డర్లు ఎన్ని ఇచ్చారు, ఎంత చెల్లించారు అని అడగండి. వచ్చే మొత్తం చూస్తే బడ్జెట్ ఎక్కడుందో మీరు చూపించక్కర్లేదు, వాళ్లకే కనిపిస్తుంది.

ఐదుచక్రాలబండి
టాయిలెట్ రేటు పది రూపాయలు చెయ్యండి, అయిపోద్ది. ఇంత చర్చ ఎందుకు.

పల్లెవెలుగు_ప్రయాణికురాలు
ఎవరికి అయిపోద్ది అన్నయ్యా? రేటు పెంచితే మగవాళ్లు గోడ చూసుకుంటారు, డబ్బు కట్టేది మేమే. పైగా 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. మంచిదే, నేను రోజూ వాడుకుంటున్నా. కానీ జీరో టికెట్ మీద ఎక్కేవాళ్లు పెరిగితే బస్టాండులో ఆడవాళ్ల టాయిలెట్ల ముందు లైను కూడా పెరుగుతుంది కదా. టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి ఇస్తానంది సరే, పెరిగిన నీళ్లకీ మురుగుకీ విడిగా ఎవరిస్తున్నారు?
ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్తాను. మా వైపు గదుల్లో మూత ఉన్న చెత్తబుట్ట ఉండదు, ప్యాడ్లు ఎక్కడ వెయ్యాలి? లోపలికే పోతాయి. తర్వాత "ఆడవాళ్లు పైపులు జామ్ చేస్తున్నారు" అని బోర్డు పెడతారు. బుట్ట పెట్టి రోజూ ఖాళీ చేసే మనిషికి జీతం ఇస్తే జెట్టింగు బండి పిలిచే పని సగానికి తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

సిమెంటుమేస్త్రి
సివిల్ వాడిని, పబ్లిక్ హెల్త్ వైపు పని చేశాను. డబ్బు సంగతికి ముందు ఒక్కటి తేల్చుకోండి. మీ బస్టాండు యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైనుకి కలిసి ఉందా, సెప్టిక్ ట్యాంకు మీద నడుస్తోందా? దాన్నిబట్టి లెక్క మొత్తం మారిపోతుంది.
డిజైన్ లెక్కల్లో బస్ స్టేషన్‌కి మనిషికి రోజుకి 45 లీటర్ల నీళ్లు తీసుకుంటాం. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని వేసుకుంటాం. రోజుకి 20,000 మంది వచ్చే బస్టాండు అనుకుందాం. 9 లక్షల లీటర్ల నీళ్లు, 7 లక్షల 20 వేల లీటర్ల మురుగు. 5,000 లీటర్ల ట్యాంకరుతో లాగితే 144 ట్రిప్పులు, అదీ ఒక్క రోజుకి. నిజంగా అంత వాడరు, అది డిజైన్ కోసం వేసుకునే అంకె, నాలుగో వంతే అనుకోండి, అయినా 36 ట్రిప్పులు. ఏ పద్దులోంచి తీసినా ఈ ఖర్చు ఎవరూ మొయ్యలేరు. కాబట్టి రోజువారీ మురుగు పైపులోనే పోవాలి. బండి పని అడుగున పేరుకున్న బురద తియ్యడం, పైపు జెట్టింగు చెయ్యడం, అంతవరకే.
"నెలకి ఇన్ని ట్యాంకర్లు" అని టెండరు పిలిచారంటే అర్థం ఏంటంటే పైపు వేసే డబ్బు మిగుల్చుకుని ట్యాంకరుకి జీవితాంతం కడుతున్నారని.

గట్టుమీదోడు
@సిమెంటుమేస్త్రి మా రోడ్డు మీద యూజీడీ ఉందండీ, బస్టాండు వెనక గేటు బయటే వెళ్తుంది. లోపలి లైను దానికి కలిపారని ఒకరంటారు, లేదు పెద్ద ట్యాంకులోకి పోతుందని ఇంకొకరు. డ్రాయింగు ఎవరి దగ్గరా లేదు.

సిమెంటుమేస్త్రి
అదీ సంగతి. రంగు నీళ్లు టాయిలెట్లో పోసి రోడ్డు మ్యాన్‌హోల్ మూత తెరిచి చూస్తే పూటలో తెలుస్తుంది, ఖర్చు రంగు పొడి ధర. మూత మాత్రం మున్సిపాలిటీ వాళ్లనే తెరవమనండి, పైనుంచే చూడాలి, ఎవరూ దిగకూడదు. ముందు అది చేయించండి.
మీ లైను రోడ్డు లైను కంటే పల్లంలో ఉంటే నేరుగా కలవదు. లోపలే సంపు కట్టి, రెండు సబ్‌మెర్సిబుల్ మురుగు పంపులు పెట్టి ఎత్తి పొయ్యాలి. ఒకటి నడుస్తుంటే ఇంకోటి స్టాండ్‌బై. నేను చూసినచోటల్లా ఆ స్టాండ్‌బై పంపు రిపేరుకి వెళ్లి తిరిగి రానిదే. ఎస్టిమేట్‌లో పంపు కొనే డబ్బు ఉంటుంది, ఆపరేటరు జీతం ఉండదు, కరెంటు పోతే జనరేటరుకి డీజిల్ ఉండదు.

ట్యాంకర్_బాబాయ్
ఇంతసేపు అందరూ బండోడి గురించే మాట్లాడిన్రు, బండోడు కూడా జర మాట్లాడుతడు. నాకు రెండు సక్షన్ బండ్లు, ఒక జెట్టింగు బండి ఉన్నయ్. ప్రభుత్వ ఆఫీసులకు పనిచేసిన. రేటు ఎక్కువ చెప్తరు మీరు అంటరు గదా, ఎందుకు చెప్తమో చెప్త. ఇయ్యాల పని చేస్తే బిల్లు ఆర్నెల్లకో ఎనిమిది నెలలకో వస్తది. డీజిల్ బంకుల అప్పియ్యరు, డ్రైవరు ఆర్నెల్లు ఆగడు. ఆ వడ్డీ మొత్తం రేట్ల కలుపుకుంటం. నెలలోపు పైసలొస్తయని నమ్మకముంటే రేటు దానంతట అదే తగ్గుతది.
రెండోది, నెలకింత అని గంపగుత్తగ ఇస్తే ఏమైతది? బండి ఎంత తక్కువసార్లు పోతే నాకు అంత లాభం. మనిషి బుద్ధి అట్లనే పోతది, నాదైనా సరే. మీటర్ల లెక్కన జెట్టింగుకు, లీటర్ల లెక్కన సక్షన్‌కు రేటు పెట్టి, మూడు నెలలకోసారి మొత్తం లైను కడగాలె అని రాస్తే నాకు పని ఉంటది, మీకు పైపు ఉంటది.

లెక్కలమాస్టారు
బాబాయ్ చెప్పింది ఆడిట్ వైపు నుంచి కూడా కరెక్టే, కానీ ఒక తిరకాసు ఉంది. కొలత మీద చెల్లిస్తే కొలిచేవాడు కావాలి. రాత్రి పన్నెండు తర్వాత బస్సులు తగ్గాకే పని జరుగుతుంది, ఆ టైముకి అక్కడ నిలబడే అధికారి ఎవరు? పొద్దున వచ్చి ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) సంతకం పెట్టేస్తాడు. 5,000 లీటర్ల బండి సగం నింపి రెండు ట్రిప్పులు రాసిన బిల్లులు నేను చూశాను.
దీనికి మందు ఒకటే. బురద ఎక్కడ పారబోశారో అక్కడి ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) రశీదు లేకపోతే ఆ ట్రిప్పుకి డబ్బు లేదని కాంట్రాక్టులో రాయడం. రశీదులో బండి నంబరూ, టైమూ, పరిమాణమూ ఉంటాయి. అలా రాస్తే ఊరి చివర చెరువులో వదిలేసి రావడం కూడా ఆగుతుంది.
జీఎస్టీ మర్చిపోవద్దు. ప్రభుత్వ సంస్థలకి చేసే ఇలాంటి సేవలకి ఉన్న మినహాయింపు 2022 జనవరి 1 నుంచి తీసేశారు. తర్వాత 2023 అక్టోబరులో పారిశుద్ధ్యం లాంటి కొన్నింటికి మళ్లీ ఇచ్చారు గానీ అది గవర్నమెంటల్ అథారిటీ నిర్వచనంలోకి వచ్చేవాటికే. ఆర్టీసీ లాంటి కార్పొరేషన్ అందులోకి వస్తుందనుకుని 18 శాతం కలపకుండా ఎస్టిమేట్ వేస్తే తర్వాత కాంట్రాక్టరూ ఆఫీసూ కొట్టుకుంటారు. ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఐదుచక్రాలబండి
ఇవన్నీ లేకుండా మా ఊళ్లో ఇద్దరు మనుషులున్నారు, ఫోన్ చేస్తే వచ్చి దిగి తీసేస్తారు, బండి రేటులో పదో వంతు కూడా తీసుకోరు. జామ్ ఎక్కడుందో చేత్తో తెలుస్తుంది వాళ్లకి. ఆచరణలో జరిగేది ఇదే, ఒప్పుకోండి.

ఎర్రచీపురు
ఒప్పుకోం. జరుగుతోందని తెలిసే చెప్తున్నాం ఒప్పుకోమని. చేత్తో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకులోకి ప్రమాదకరంగా మనిషిని దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షలు. దిగినవాడికి కాదు, దింపినవాడికి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు అర్జెంటు పని అయినా రక్షణ లేకుండా దింపితే నేరమేనని చెప్పి, 1993 నుంచి చనిపోయిన వాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. పూర్తి వైకల్యం వస్తే 20 లక్షలకి తక్కువ కాకూడదంది. కాబట్టి మీ "పదో వంతు రేటు" లెక్కలో ఇవి కూడా వేసుకోండి.
కుళ్లిన గుడ్డు వాసన వస్తే జాగ్రత్తపడతాం అంటారు కొందరు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు ముందు పనిచెయ్యడం మానేస్తుంది, వాసన పోయింది కదా అని దిగుతారు. ఒకడు పడిపోతే తియ్యడానికి ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. పేపర్లో చాలాసార్లు ఇద్దరు, ముగ్గురు అని వచ్చేది అందుకే.
బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవారు, ఈ పని పోవాలనే జీవితమంతా తిరుగుతున్నారు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన ఊరూరా తిరిగినచోట మనం 2026 దాకా వచ్చి కూడా "ఇద్దరు మనుషులున్నారు" అని రాసుకోవడం ఏం బాలేదు.

ఐదుచక్రాలబండి
నేను దింపమని చెప్పలేదు, జరుగుతోందని చెప్పా.

ఎర్రచీపురు
రేటు పోల్చి చెప్పారు. మన ఎల్1 టెండర్లు (అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే పని) కూడా సరిగ్గా ఆ పోలికే చేస్తాయి. బండి లేనివాడు తక్కువ కోట్ చేస్తాడు, పని వాడికి పోతుంది, రాత్రి మనుషుల్ని దింపుతాడు. అందుకే రేటు తెరిచే ముందే సొంత జెట్టింగు బండి, సక్షన్ బండి ఆర్సీలు, గ్యాస్ మీటరు చూపించాలని షరతు ఉండాలి. కార్మికుడికి యజమాని ప్రీమియం కట్టి కనీసం 10 లక్షల జీవిత బీమా తియ్యాలని 2013 నిబంధనల్లోనే ఉంది. బీమా, పీఎఫ్, ఈఎస్ఐ రేటులో కలిపి కోట్ చెయ్యమంటే అక్కడే కోసేస్తారు. వాటిని విడిగా చూపించి, కట్టిన చలానా చూసి అంతే తిరిగివ్వాలి.

రైట్‌రైట్
@ఎర్రచీపురు గారు చెప్పిన చివరి మాట మీటింగులో తప్పకుండా పెట్టండి. సెక్యూరిటీ గార్డుల కాంట్రాక్టులకి ఈ పద్ధతి చాలా ఆఫీసుల్లో ఉంది, మురుగు పనికి మాత్రం ఎవరూ రాయరు.

కోఠీ_టు_ఎల్బీనగర్
హైదరాబాద్ నుంచి ఒక మాట. ఎంజీబీఎస్ (ఇక్కడి పెద్ద బస్టాండు) మూసీ మధ్యలో ఉంది కదా, 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు బస్టాండులోకే వచ్చేశాయి, రాత్రి జనం ఇరుక్కుపోయారు. అట్లాంటి చోట నది పెరిగితే మురుగు లైను వెనక్కి తంతుంది, ఎన్ని బండ్లు పెట్టినా తోడినంత మళ్లీ వస్తది. ఔట్‌లెట్ దగ్గర నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు ఉండాలె. వరద తర్వాత పేరుకున్న ఒండ్రు తీసే ఖర్చు మామూలు కాంట్రాక్టులో కలపొద్దు, అది విపత్తు నిధి పని. కలిపిన్రంటే ఒక్క వరదకే ఏడాది డబ్బు అయిపోయి మిగతా నెలలు ఖాళీ.

నేతిగారెలు
విజయవాడలో బుడమేరు వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ, వరద పోయాక డ్రైనేజీల్లో ఒండ్రే ఒండ్రు.
నేను రాయాలనుకున్నది వేరు. బస్టాండులో హోటలు నడిపే బంధువు ఉన్నాడు మాకు. షాపులన్నీ వంట నూనె, ఇడ్లీ పిండి కడిగిన నీళ్లు అన్నీ అదే లైనులో వదులుతాయి. ఆ నూనె చల్లారి పైపు లోపల గట్టిపడుతుంది. మురుగు పొంగడానికి టాయిలెట్ల కంటే మేమే ఎక్కువ కారణం అని మావాడే ఒప్పుకుంటాడు. గ్రీజు ట్రాప్ (నూనెని పైపులోకి పోకుండా ఆపే తొట్టి) కట్టమంటే ఎవరి ఖర్చు అని గొడవ, కట్టినచోట ఎవరూ తియ్యరు. అద్దె వేలంలోనే హోటళ్లకి డ్రైనేజీ చార్జీ విడిగా పెడితే కట్టడానికి రెడీ అంటాడు, ఎందుకంటే దుకాణం ముందు మురుగు నిలిస్తే పోయేది వాడి బేరమే. కాకపోతే ఆ డబ్బు కచ్చితంగా మురుక్కే వాడాలంటాడు. ఆర్టీసీ మొత్తం ఖాతాలో పడిందంటే ఇక దొరకదు.

సిమెంటుమేస్త్రి
డిపో గ్యారేజీ కూడా అదే కాంపౌండులో ఉంటే బస్సులు కడిగిన నీళ్లు, ఇంజినాయిలు అస్సలు ఈ లైనులోకి రాకూడదు. దానికి ఆయిల్ సెపరేటరు వేరే, పద్దు వేరే.

వరంగల్_తమ్ముడు
సెంట్రల్ ఫండ్స్ అడగొచ్చు కదా? 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్లకి, పారిశుద్ధ్యానికే వాడాలని ఉంది. నమస్తే స్కీము కూడా ఉంది.

లెక్కలమాస్టారు
ఆ గ్రాంటు స్థానిక సంస్థలకి, ఆర్టీసీకి రాదు. 2025-26తో ఆ సంఘం కాలం కూడా అయిపోయింది. అయితే గేటు బయట మున్సిపాలిటీ లైను వెడల్పు చెయ్యడానికీ, మ్యాన్‌హోల్ కట్టి కనెక్షన్ ఇవ్వడానికీ మున్సిపాలిటీ తన పారిశుద్ధ్యం డబ్బు పెట్టొచ్చు, అక్కడ మీ సంఘం ఒత్తిడి పనికొస్తుంది. నమస్తే అనేది బస్టాండులకి నిర్వహణ ఖర్చు ఇచ్చే స్కీము కాదు. సఫాయి కార్మికులకి రక్షణ సామాగ్రి, ఆరోగ్య బీమా, బండి కొనుక్కోవడానికి సబ్సిడీ లాంటివి. ఐదుచక్రాలబండి గారి ఊళ్లో దిగే ఆ "ఇద్దరు మనుషులు" ఉన్నారు చూడండి, వాళ్లకి బండి ఇప్పించి వాళ్లకే ఈ పని ఇచ్చే దారి అందులో ఉంది. హైదరాబాద్ జలమండలి చిన్న జెట్టింగు బండ్లు దళిత ఔత్సాహికులతో పెట్టించి గల్లీల్లో తిప్పింది, కొత్త ఆలోచనేం కాదు.

శంషాబాద్_షటిల్
ఎయిర్‌పోర్టులో ఈ గొడవ ఎందుకు లేదో ఆలోచించండి. అక్కడ మురుగు శుద్ధి, పంపింగు అంతా నిర్వహణ ఖర్చులో రాసి, ఆ మొత్తం ఖర్చు చూసే నియంత్రణ సంస్థ ప్రయాణికుడి మీద వేసే చార్జీ ఖరారు చేస్తుంది. టికెట్లో యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) అని కట్టేస్తాం, బాత్రూం ముందు చిల్లర వెతుక్కోం. బస్సులోనూ అలాగే టికెట్‌కి రూపాయి వెయ్యొచ్చుగా.

పల్లెవెలుగు_ప్రయాణికురాలు
2022లో డీజిల్ సెస్సు అన్నారు, అంతకుముందు సేఫ్టీ సెస్సు అన్నారు. ఇప్పుడు మురుగు సెస్సా? ఐదు వేల రూపాయల ఫ్లైటు టికెట్‌కీ పదిహేను రూపాయల పల్లెవెలుగు టికెట్‌కీ పోలికేంటండీ. పైగా మేము జీరో టికెట్, మా మీద సెస్సు పడదు. పడేది మా ఇంటాయన మీద, ఆయన బస్టాండు టాయిలెట్ మొహం చూడడు 😀

ట్యాంకర్_బాబాయ్
😀😀 అక్కా నిజం చెప్పినవ్.

గట్టుమీదోడు
అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా వచ్చిందాన్నిబట్టి మీటింగులో ఇలా అడుగుదామనుకుంటున్నాం, తప్పులుంటే చెప్పండి. టాయిలెట్ల కాంట్రాక్టరు కట్టే లైసెన్సు ఫీజులో, హోటళ్ల అద్దెలో కొంత వాటా నేరుగా ఆ స్టేషన్ పేరు మీదే డ్రైనేజీ ఖాతాలో పడాలి, ఇంకో పనికి తియ్యకూడదు. దాంతో ఏడాది కాంట్రాక్టు, మీటరు లెక్క, లీటరు లెక్క, మూడు నెలలకోసారి తప్పనిసరి జెట్టింగు. ఎస్టీపీ రశీదు ఉంటేనే డబ్బు, రశీదు ఉంటే నెలలోపు డబ్బు. మనిషి దిగితే కాంట్రాక్టు రద్దు, కేసు. టికెట్ మీద సెస్సు అడగం. పైపు కనెక్షన్ పెట్టుబడి విడిగా, అందులో గోడ బయటది మున్సిపాలిటీ. కొత్త డబ్బు అడగడం లేదు, అర్జెంటు వర్క్ ఆర్డర్లకి పోతున్నదే ముందే పెట్టమంటున్నాం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవొద్దని.

రైట్‌రైట్
బాగుంది. ఒక అడ్డంకి వస్తుంది చూస్కోండి, స్టేషన్ పేరు మీద విడి ఖాతా పెట్టే అధికారం డిపో మేనేజరుకి ఉండదు, అన్ని వసూళ్లూ పైకి పోవాల్సిందే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. అందుకని విడి ఖాతా అని పట్టుబట్టకుండా, టాయిలెట్ల టెండరులోనే లైసెన్సు ఫీజు తగ్గించి ఆ మేరకు జెట్టింగు బాధ్యత, కొలతలతో సహా కాంట్రాక్టరుకే పెట్టమనే ప్రత్యామ్నాయం కూడా చేతిలో ఉంచుకోండి. కొత్త టెండరు ఎప్పుడు పడుతుందో ముందు కనుక్కోండి, పాత కాంట్రాక్టు నడుస్తుంటే ఇది కుదరదు.

ఎర్రచీపురు
ఆ ప్రత్యామ్నాయం నాకు నచ్చలేదు. టాయిలెట్ కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టుకి ఇస్తాడు, వాడు ఇంకొకడికి. చివర్లో దిగేది మళ్లీ ఆ ఇద్దరే, బాధ్యుడెవరో కోర్టులో కూడా తేలదు.

రైట్‌రైట్
సబ్ కాంట్రాక్టు నిషేధం అని రాయాలి, ప్రధాన యజమాని ఆర్టీసీయే అని రాయాలి. అప్పుడు కుదురుతుంది.

ఎర్రచీపురు
రాసినవన్నీ జరిగితే ఈ చర్చే ఉండేది కాదు కదండీ. విడి కాంట్రాక్టే అడగండి, రెండో దారి వాళ్ల నోటి నుంచి రానివ్వండి.

ట్యాంకర్_బాబాయ్
టెండరు పడితే ఈడ పెట్టు తమ్మీ. నెలలోపు బిల్లు అన్న మాట అందుల అచ్చయి ఉంటేనే నేను ఏస్త, నోటి మాటకైతే రాను.

గట్టుమీదోడు
పెడతా బాబాయ్. రంగు నీళ్ల పరీక్షకి స్టేషన్ మేనేజర్ గారు ఒప్పుకున్నారు, ఆదివారం పొద్దున చేస్తాం, మూత తీసే మనిషిని మున్సిపాలిటీ పంపిస్తానంది. కలిసిందో లేదో ఇక్కడే రాస్తా.